నొప్పిని అడిగిన సీసాలు

పాత తెలుగు పత్రికలు తిరగేస్తున్నప్పుడు కథల దగ్గరకంటే, సంపాదకీయాల దగ్గరకంటే మందుల ప్రకటనల దగ్గర నేను ఎక్కువసేపు ఆగిపోతాను. 1920లు, 30లలో వచ్చిన సంచిక ఏది తీసుకున్నా ముందూ వెనకా పేజీల్లో అవే. తలనొప్పి, నడుంనొప్పి, అజీర్తి, నిద్ర పట్టకపోవడం, రక్తం తక్కువై నీరసం, ముట్టునొప్పి, పసివాడి కడుపుబ్బరం, పైకి చెప్పుకోలేని జబ్బులు. ఆ ప్రకటనలు మనిషిని నిలబెట్టి పలకరిస్తున్నట్టుంటాయి. పొద్దున లేవగానే ఒళ్లు బరువుగా ఉంటోందా, అన్నం సయించడం లేదా, పిల్లలు కలగలేదని బెంగపడుతున్నారా అని అడుగుతాయి. అడిగి, మందు మా దగ్గరుంది, కార్డు ముక్క రాస్తే వి.పి.పి.లో పంపుతాం అంటాయి.

ఆ మందుల్లో చాలావాటికి చెప్పుకున్నంత శక్తి లేదని ఇవాళ మనకు తెలుసు. కొన్నింట్లో పనికొచ్చేది ఏమీ లేదు. కొన్నింట్లో ఉన్నది విషమే. ఇంత తెలిశాక కూడా ఒక ప్రశ్న నన్ను వదలదు. ఆ కాలంలో చిన్న ఊళ్లో బతికిన మామూలు మనిషిని, మరీ ముఖ్యంగా ఆడమనిషిని, నీకు ఎక్కడ నొప్పి అని ఇంకెవరు అడిగారు?

ప్రజారోగ్యం మీద సర్కారు వేసిన భోర్ కమిటీ 1946లో ఇచ్చిన నివేదిక ప్రకారం బ్రిటిష్ ఇండియాలో 6,300 మందికి ఒక డాక్టరు, 43,000 మందికి ఒక నర్సు. ఆ డాక్టర్లలోనూ ఎక్కువమంది పట్టణాల్లోనే ఉండేవాళ్లు. తాలూకా కచేరీ ఉన్న ఊరైతే ఒక లోకల్ ఫండ్ ఆసుపత్రి, అందులో ఒక డాక్టరు, ఒక కాంపౌండరు, రంగు మిక్చరు. సీసా రోగే ఇంటినుంచి తెచ్చుకోవాలి. ఎన్ని మోతాదులో తెలిసేట్టు గళ్లు కత్తిరించిన కాగితం ముక్క ఒకటి కాంపౌండరు దానిమీద అంటించి ఇచ్చేవాడు. చుట్టుపక్కల పల్లెలవాళ్లు అక్కడికి బండి కట్టుకుని వచ్చేది ప్రాణం మీదికి వచ్చినప్పుడే. నడుంనొప్పికి బండి ఎవరు కడతారు? కోడలి నడుంనొప్పికి అసలెవరు కడతారు?

చంపని నొప్పికి ఆ లోకంలో చోటు లేదు. చంపే జబ్బులే అన్ని ఉన్నప్పుడు, మశూచి, కలరా, మలేరియా, క్షయ ఇంటింటికీ తెలిసినవే అయినప్పుడు, తలనొప్పి అని చెప్పుకోవడానికే సిగ్గుపడాలి. ఆ ఖాళీలోకి వచ్చింది సీసా. కిరాణా కొట్లో చింతపండు బుట్టల వెనక, గాజు జాడీల పక్కన ఒక చెక్క అర ఉండేది. అందులో అమృతాంజనం, గ్రైప్ వాటరు, జిందా తిలిస్మాత్, ఒకటో రెండో రకాల లేహ్యాలు. డాక్టరు దగ్గరికి వెళ్లాలంటే కారణం చెప్పాలి, మగతోడు కావాలి, డబ్బు అడగాలి. కొట్టుకు ఉప్పుకో పప్పుకో ఎలాగూ వెళ్లాలి గనక, ఆ పద్దులోనే సీసా కూడా వచ్చి చేరేది.

కొట్లోనూ అడగలేని జబ్బులకు పోస్టాఫీసు ఉంది. సరుకు చేతికి అందాకే డబ్బు కట్టే వి.పి.పి. పద్ధతి మన దేశంలో 1877లో మొదలైంది. పేటెంటు మందుల చరిత్రలో నా దృష్టికి ఇది ఏ మూలికకంటే పెద్ద విషయం. ఒక బాల్యవితంతువుకు, పెళ్లికి భయపడుతున్న కుర్రాడికి, నాలుగు కాన్పులూ పోయిన తల్లికి మొట్టమొదటిసారి ఊరికి తెలియకుండా తమ ఒంటి గురించి ఇంకొకరికి రాసే వీలు దొరికింది. పోస్టుమాను ఒక్కడికి తెలుస్తుంది. ఆ బంగీలు మోసిన పోస్టుమాన్లు ఎన్నెన్ని రహస్యాలు కడుపులో దాచుకుని పోయారో.

ఆ వ్యాపారం నుంచి ఏమేం పుట్టాయో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. కృష్ణా జిల్లా ఎలకుర్రులో 1867లో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. కొత్తలో సంగీత సభల్లో ఊరికే పంచిపెట్టి అలవాటు చేశారని చెబుతారు. ఆ పసుపుపచ్చ లేపనం తెచ్చిన డబ్బుతో 1908లో బొంబాయిలోనే ఆంధ్రపత్రిక వారపత్రికగా వెలువడింది. 1914లో మద్రాసు చేరి దినపత్రిక అయింది. 1924లో భారతి వచ్చింది, ఆ వెనక ఆంధ్ర గ్రంథమాల. రాయలసీమకూ కోస్తాకూ మధ్య 1937లో శ్రీబాగ్ ఒడంబడిక కుదిరింది పంతులుగారి ఇంట్లోనే. దేశోద్ధారక అనీ, విశ్వదాత అనీ జనం ఆయన్ని పిలుచుకున్నారు.

దాతకు పేరు రావడం న్యాయమే. కానీ ఆ దానానికి మూలధనం ఎవరిది? వేలాది తలనొప్పులది. పొయ్యి పొగలో కళ్లు మండి, పొద్దుగూకేసరికి కణతలు పగిలిపోయే ఆడవాళ్లది, ఎండలో మోతబరువు దించి మెడ పట్టేసినవాళ్లది. వాళ్లలో ఎక్కువమందికి ఆ పత్రిక చదవడం రాదు. తెలుగువాళ్ల మేల్కొలుపు అని మనం పుస్తకాల్లో రాసుకునే అధ్యాయానికి చిల్లర డబ్బులు కట్టింది వాళ్లు, ఆ అధ్యాయంలో ఎక్కడా కనబడని వాళ్లు. ఇది ఎవరినీ తప్పుపట్టడానికి అనడం లేదు. వాళ్లకూ ఒక నమస్కారం బాకీ ఉంది, అందుకని అంటున్నాను.

ఇంతకూ ఆ లేపనం నొప్పిని నిజంగా తగ్గిస్తుందా? ఇక్కడ శాస్త్రం చెప్పే మాట నాకెంతో ఇష్టం. అందులో ఉండే మెంథాల్ రాసుకున్నప్పుడు చర్మం నిజానికి చల్లబడనక్కర్లేదు. చలిని పసిగట్టే నరాల కొసల్లో ఒక ద్వారం ఉంది. చల్లగాలి తగిలితే తెరుచుకునే ఆ ద్వారాన్నే మెంథాల్ కూడా తెరుస్తుంది. వేడినీ చలినీ స్పర్శనూ మన ఒళ్లు ఎలా తెలుసుకుంటుందో కనిపెట్టినందుకు 2021లో నోబెల్ బహుమతి అందుకున్న డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్ ఇద్దరూ ఈ ద్వారం మీద పనిచేసినవాళ్లే. అంటే చలి లేనిచోట చలి తెలుస్తోంది. దీన్ని మోసం అనాలా? నొప్పి ఉందనడానికి, పడుతున్నవాళ్లకు తెలియడం తప్ప వేరే సాక్ష్యం లేదు. అలాంటప్పుడు, తగ్గినట్టు తెలియడాన్ని మాత్రం భ్రమ అని ఎలా కొట్టేస్తాం? నొప్పిని నమ్మినప్పుడు ఉపశమనాన్నీ నమ్మాలి గదా.

రుద్దడం గురించి కూడా చెప్పాలి. తాకిడిని మోసే నరాలు పనిచేస్తుంటే నొప్పిని మోసే కబురు వెన్నుపాము దగ్గరే కొంత ఆగిపోతుందని 1965లో మెల్జాక్, వాల్ ఒక సిద్ధాంతం చెప్పారు. తరవాత అందులో కొన్ని మార్పులు వచ్చినా, దెబ్బ తగిలిన మోకాలిని చేత్తో రాసుకుంటే ఎందుకు హాయిగా ఉంటుందో దాంతో అర్థమైంది. లేపనానికి చెయ్యి కావాలి. నేను ఎక్కువగా ఆలోచించేది ఈ చేతి గురించే. మన ఇళ్లలో ఎదిగిన కొడుకు తండ్రిని ముట్టుకోడు. మొగుడు నలుగురిలో పెళ్లాం నుదుటి మీద చెయ్యి వెయ్యడు. అత్తగారు కోడలి తల నిమరదు. సీసా మూత తీస్తే ఈ కట్టుబాట్లన్నీ కాసేపు సడలేవి. దగ్గుతో ఎగపోస్తున్న తండ్రి రొమ్ముకు ఎర్రటి తైలం రాస్తూ, పదేళ్లుగా మాట లేని కొడుకు అరగంట పక్కన కూర్చోగలిగేవాడు. ప్రేమ అని చెప్పక్కర్లేకుండా ప్రేమించడానికి మందు ఒక సాకు ఇచ్చింది.

ఆడవాళ్లకైతే ఇంకో సాకు కూడా ఇచ్చింది. పడుకోవడానికి. మధ్యాహ్నం పూట ఊరికే నడుం వాల్చిన కోడలిని సోమరి అంటారు. నుదుటికి అమృతాంజనం పట్టించి, చీర కొంగు తలకు బిగించి కట్టుకుని వాల్చితే, ఆ ఘాటు ఇల్లంతా వ్యాపించి ఆమె తరఫున తనే చెప్పేస్తుంది. పిల్లలు గొంతు తగ్గిస్తారు. ఎవరో ఒకరు పొయ్యి దగ్గరికి వెళతారు. ఆ తలనొప్పుల్లో ఎన్ని తలకు వచ్చినవో, ఎన్ని బతుకుకు వచ్చినవో ఎవరు లెక్కగట్టగలరు? రెండూ నొప్పులే.

పైన చెప్పిన ఎర్రటి తైలం జిందా తిలిస్మాత్. 1918లో వచ్చిన ఇన్‌ఫ్లుయెంజా మన దేశంలో కోటిమందికి పైగా ప్రాణాలు తీసిన కొద్దికాలానికే, 1920లో, హకీం మొహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ హైదరాబాదులో దాన్ని తయారుచేశారు. ముప్పాతికవంతు యూకలిప్టస్ నూనె, కర్పూరం, మెంథాల్, వాము పువ్వు, రంగుకు రతన్‌జోత్ వేరు. వేడి చాయలో రెండు చుక్కలు, రొమ్ముకు నాలుగు చుక్కలు, పంటికి దూదిలో ఒక చుక్క. తెలంగాణలో తురకలదీ హిందువులదీ అని లేకుండా ఇంటింటి గూట్లో అది ఉండేది. శ్వాస ఆడనివాడు సీసా మీద పేరు ఏ భాషదని అడగడు.

మద్రాసులో మందులు తయారుచేసిన కేసరి కుటీరం సంగతి వేరు. ఒంగోలు ప్రాంతం నుంచి పేదరికంలో చిన్నప్పుడే మద్రాసు చేరిన కె.ఎన్. కేసరిగారు ఆడవాళ్ల కోసమని లోధ్ర అనే మందు చేశారు. లొద్దుగ చెట్టు బెరడును ముట్టు బాధలకు వాడటం ఆయుర్వేదంలో పాత మాటే. ఆయన చేసిన కొత్త పని ఆ బాధను పత్రికల్లో అచ్చు వేయించడం. ఇంట్లో గుసగుసగా కూడా అనని మాట వీధిలోకి వచ్చింది. ఆ మందు తెచ్చిన డబ్బు మీద నిలబడి ఆయన 1928లో గృహలక్ష్మి పత్రిక పెట్టారు, తరవాత రచయిత్రులకు స్వర్ణకంకణం ఇచ్చారు. ఆడవాళ్ల ఒంటి గురించి మాట్లాడిన సీసాయే ఆడవాళ్ల రాతకు కాగితం కూడా సమకూర్చింది. రెంటికీ సంబంధం లేదనుకోవడం నా వల్ల కాదు. తన బాధకు పేరుందని తెలిసిన మనిషే తన కథ కూడా చెప్పడానికి పూనుకుంటుంది.

ఇదే కథ మన దేశానికి ఎంతో దూరంలో ముందే ఒకసారి జరిగింది. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని లిన్ అనే ఊళ్లో లిడియా పింకమ్ అనే గృహిణి తన వంటింట్లో కాచిన కషాయాన్ని 1875లో అమ్మకానికి పెట్టింది. భర్త వ్యాపారం దివాలా తీసి ఇల్లు గడవని రోజులవి. అందులో నాలుగైదు వేళ్లు, మెంతులు, అవి చెడకుండా ఉండటానికంటూ దాదాపు ఐదోవంతు సారాయి. జబ్బు మాట మగడాక్టరుకు చెప్పుకోలేని ఆడవాళ్లను మిసెస్ పింకమ్‌కు రాయండి, మీ ఉత్తరం మగవాడి కంట పడదు అని ప్రకటనలు పిలిచాయి. అమెరికా పల్లెల నుంచి ఉత్తరాలు మూటలుగా వచ్చాయి. ఆ డాక్టర్లు చేసేదేమిటో కూడా గుర్తుపెట్టుకోవాలి. జార్జియాలో రాబర్ట్ బ్యాటీ 1872 నుంచి, నెలసరి బాధలకూ నరాల బలహీనతకూ కూడా మందని చెప్పి, ఆడవాళ్ల అండాశయాలు కోసి తీసేసే శస్త్రచికిత్సను ప్రచారంలోకి తెచ్చాడు. ఆ కత్తికి భయపడి మెంతుల కషాయం తాగిన ఆవిడను అజ్ఞాని అనగలమా?

కానీ లిడియా పింకమ్ 1883లోనే చనిపోయింది. ఉత్తరాలకు జవాబులు మాత్రం ఆమె పేరుతో వెళుతూనే ఉన్నాయి. 1905లో లేడీస్ హోమ్ జర్నల్ సంపాదకుడు ఎడ్వర్డ్ బాక్ ఆమె సమాధిరాయి ఫొటో తన పత్రికలో అచ్చు వేశాడు. ఇరవై రెండేళ్లపాటు ఎంతమంది తమ మనసులో మాట ఒక చనిపోయిన మనిషికి చెప్పుకున్నారో తలచుకుంటే గుండె పిండేసినట్టవుతుంది. మోసం అంటే ఇక్కడ మోసమే. సారాయి మోసంకంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇది.

ఇంతకంటే ఘోరాలున్నాయి. పసిపిల్లల ఏడుపు మాన్పడానికి అమెరికాలో 1849 నుంచి అమ్మిన మిసెస్ విన్‌స్లో సిరప్‌లో ఉన్నది మార్ఫిన్. పిల్లలు నిద్రపోయారు, కొందరు లేవలేదు. బొంబాయి మిల్లుల్లో పనికి పోయే తల్లులు బిడ్డలకు నల్లమందు గోళీ నాకించి పోయేవాళ్లని నాటి విచారణల్లో నమోదైంది. ఆ తల్లులను తిట్టడం తేలిక. పన్నెండు గంటల పని పెట్టి, బిడ్డను పడుకోబెట్టడానికి ఇంకో దారి చూపించని ఏర్పాటును తిట్టడం కష్టం. అమెరికాలో మద్యనిషేధం నడుస్తున్న 1930లో జమైకా జింజర్ అనే అల్లం మందును కిక్కు కోసం తాగిన పేదలు వేలాదిగా కాళ్లు చచ్చుపడి మిగిలిపోయారు. తనిఖీలను తప్పించుకోవడానికి తయారీదారులు అందులో ఒక రసాయనం కలిపారు.

ఇంకో రకం హాని కంటికి కనపడదు. అడగడం వల్లనే పుట్టే జబ్బులు. కుర్రవాళ్లను, నీ శక్తి హరించుకుపోతోందని భయపెట్టిన ప్రకటనలు మన భాషలో ఎన్నో. సహజమైన దాన్ని రోగమని నమ్మించి, ఆ భయానికి లేహ్యం అమ్మారు. ఎక్కడ నొప్పి అన్న ప్రశ్న నొప్పి లేనిచోట నొప్పిని నాటగలదు. కాబట్టి అడిగారు గనక మంచివాళ్లు అని నేను అనలేను.

మరైతే ఏమనాలి? కొనేవాళ్లను వెతుక్కుంటూ అడిగిన ప్రశ్నలో ప్రేమ ఉండనక్కర్లేదు. కానీ ఆ ప్రశ్న విన్న మనిషిలో కదిలింది నిజం. చెవి అద్దెదే అయినా చెప్పుకున్న బాధ సొంతం. ఆ చెప్పుకోవడం వల్ల కలిగిన తేలిక ఎంతవరకు మందుది, ఎంతవరకు వినడానిది? ఇది ఊహకు వదిలేసిన ప్రశ్న కాదు, కొలిచి చూశారు. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో టెడ్ కాప్చుక్ బృందం ఒక పరిశోధన ప్రకటించింది. పేగుల బాధ ఉన్న 262 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు ఏమీ చెయ్యలేదు. రెండో గుంపుకు ఒంట్లోకి దిగని సూదులతో ఉత్తుత్తి ఆక్యుపంక్చర్ చేశారు, మాట కలపకుండా. మూడో గుంపుకు అదే ఉత్తుత్తి వైద్యం, దాంతోపాటు తీరిగ్గా కూర్చుని వాళ్ల బాధ అడిగి విన్నారు. మూడు వారాలకు తగినంత ఉపశమనం దొరికిందన్నవాళ్లు మొదటి గుంపులో నూటికి 28 మంది, రెండో గుంపులో 44 మంది, మూడో గుంపులో 62 మంది. సూది అబద్ధం. వినడం అబద్ధం కాదు.

వినడంతో క్షయ తగ్గదు, విరిగిన ఎముక అతకదు. దాన్ని మందుగా అమ్మితే మళ్లీ పాత మోసమే. అయినా నూటికి పద్దెనిమిది మందికి తేడా తెచ్చిన దాన్ని మనం వైద్యంలో ఏ ఖాతాలో రాస్తున్నాం?

చట్టం తన పని చేసింది. అమెరికాలో 1906 చట్టం సారాయి, నల్లమందు, కొకైన్ లాంటివి ఎంతెంత ఉన్నాయో సీసా మీద రాయమంది. మన దగ్గర 1930-31లో రామ్‌నాథ్ చోప్రా కమిటీ విచారణ జరిపాక 1940లో డ్రగ్స్ చట్టం వచ్చింది. 1954లో వచ్చిన చట్టం మాయమందుల ప్రకటనలను నిషేధించింది. అందులోని నిషేధాల్లో ఒకటి, ఆడవాళ్ల నెలసరి దోషాలు సరిచేస్తామని ప్రకటించడం. ఆ నిషేధం అవసరం. నేను పూర్తిగా దాని పక్షమే. కానీ 1954 తరవాత, ఆ ప్రకటన ఆగిపోయిన పత్రిక పేజీ ముందు కూర్చున్న ఆవిడ సంగతి? అబద్ధపు జవాబును చట్టం తీసేసింది. దాంతోపాటు ప్రశ్న కూడా పోయింది. ఆ ప్రశ్నను నిజాయితీగా అడగాల్సిన బాధ్యత ఎవరికీ అప్పగించలేదు.

సీసా మీద ఉన్నదున్నట్టు రాసినంత మాత్రాన భద్రత వచ్చిందా అంటే అదీ పూర్తిగా లేదు. 1937లో అమెరికాలో వందమందికి పైగా ప్రాణాలు తీసిన డైఇథిలీన్ గ్లైకాల్ అనే ద్రావకమే 2022లో గాంబియాలో పిల్లల దగ్గు మందుల్లో మళ్లీ దొరికింది. ఆ సిరప్‌లు వెళ్లింది మన దేశం నుంచి. పాతకాలపు జనం అమాయకులనీ మనం తెలివైనవాళ్లమనీ అనుకునే హక్కు మనకు లేదు.

ఇప్పుడు తాలూకా కేంద్రాలు మండల కేంద్రాలయ్యాయి. మెడికల్ షాపులు వరసగా ఉన్నాయి. పారాసెటమాల్ నిజంగా పనిచేస్తుంది, యాంటీబయాటిక్ నిజంగా ప్రాణం నిలుపుతుంది. ఈ నిజాలు వద్దని పాత సీసాలు కోరుకునేవాళ్లు ఉంటే నేను వాళ్లతో లేను. కానీ సర్కారు ఆసుపత్రి వరసలో రెండు గంటలు నిలబడి లోపలికి వెళితే మాట్లాడే వ్యవధి ఎంత? వివిధ దేశాల లెక్కలు కూర్చి 2017లో వచ్చిన ఒక అధ్యయనంలో, ప్రాథమిక వైద్యంలో ఒక రోగికి భారతదేశంలో దక్కేది సుమారు రెండు నిమిషాలని తేలింది. స్వీడన్‌లో ఇరవై నిమిషాలు దాటుతుంది. ఆ డాక్టరు రాతిమనిషని కాదు. బయట ఇంకా వందమంది ఉన్నారు. రెండు నిమిషాల్లో జ్వరం చూడొచ్చు. మొగుడు తాగొచ్చి కొట్టడం వల్ల వచ్చే తలనొప్పిని ఎలా చూస్తారు?

అందుకే ఊళ్లలో జనం పట్టా లేకుండా వైద్యం చేసే ఆర్.ఎం.పి. దగ్గరికి పోతారు. అతను మంచం పక్కన కూర్చుంటాడు, పేరు పెట్టి పిలుస్తాడు, ఏం తిన్నావమ్మా అని అడుగుతాడు. అక్కర్లేకపోయినా గ్లూకోజు ఎక్కిస్తాడు, అక్కర్లేని సూదీ వేస్తాడు. అందులో కొన్ని ప్రమాదాలు తెస్తాయి. చదువున్నవాళ్లం అతన్ని నకిలీ డాక్టరంటాం. ఆ మాట సరైనదే. అతని దగ్గరికి వెళ్లినవాళ్లు దేనికి డబ్బిచ్చారో మాత్రం అడగం.

అడగడానికి మనుషులు లేకపోలేదు. ఆశా కార్యకర్త ఉంది. ఊరి మనిషి, ఆడమనిషి, ఇంటింటికీ తిరిగే మనిషి. కేసరి కుటీరానికీ మిసెస్ పింకమ్‌కూ రాసిన ఉత్తరాల్లాంటివి ఇవాళ నేరుగా చెప్పుకోదగిన చెవి ఆమెదే. ఆమెకు ఇచ్చే ప్రోత్సాహకం కాన్పులకూ టీకాలకూ ఇంకా అలాంటి పనులకూ లెక్కగట్టి ఇస్తారు. ఒక ఇంటి అరుగు మీద అరగంట కూర్చుని, నడుంనొప్పి ఎప్పటినుంచి, ఏ బరువు మోస్తే ఎక్కువవుతోంది, రాత్రి నిద్ర పడుతోందా అని అడిగి వస్తే, ఆ అరగంటకు విలువ ఎంతని ఆ పట్టికలో రాయబోతున్నాం? ఇది ఆరోగ్యశాఖ ముందు పెట్టదగిన ప్రశ్నే అని నేను నమ్ముతున్నాను, జవాబు కావాలనే అడుగుతున్నాను.